వణుకు జబ్బు – మొక్కల మందులు: ఎంతవరకు నమ్మవచ్చు?

పెద్దవాళ్లకు చేయి వణికినా, అడుగు తడబడినా ముసలితనమని సరిపెట్టుకుంటాం. అది పార్కిన్సన్ వ్యాధి కావచ్చు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని వివరించాడు. ఆయుర్వేదంలో కంపవాతం, యునానీలో రాషా అనే పేర్లతో వణుకు జబ్బుల ప్రస్తావన ఉంది.

మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమైన్ అనే రసాయనం కావాలి. దానిని తయారుచేసే నాడీకణాలు క్రమంగా చనిపోవడమే ఈ జబ్బు. పొయ్యి మండితే పొగ వచ్చినట్లు, కణం శక్తిని తయారుచేసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి మితిమీరితే కణం దెబ్బతింటుంది. వాటిని అణచేవే యాంటీఆక్సిడెంట్లు.

పసుపులో కుర్కుమిన్, కలోంజీలో థైమోక్వినోన్, వనపర్తి, గద్వాల చేలల్లో పండే పల్లీల ఎర్రపొట్టులో రెస్వెరట్రాల్ ఇలాంటివే. ప్రయోగశాలలో కణాలకూ, ఎలుకలకూ ఇవి మేలు చేశాయి. మనుషుల్లో మాత్రం అంత తేలికగా రుజువు కాలేదు. 800 మంది రోగులపై జరిపిన విటమిన్ ఇ పెద్ద పరిశీలనలో జబ్బు నెమ్మదించలేదని 1993లో తేలింది. 600 మందిపై జరిపిన కోఎంజైమ్ క్యూ10 పరిశీలన 2014లో అదే చెప్పింది. తిన్న పదార్థం రక్తంలో కలవాలి, మెదడు చుట్టూ ఉన్న కాపలాను దాటాలి. పైగా వణుకు బయటపడేసరికే ఎన్నో కణాలు పోయి ఉంటాయి.

నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో పెరిగే దూలగొండి సంగతి వేరు. దాని గింజల్లో లెవోడోపా ఉందని మద్రాసు శాస్త్రవేత్తలు 1937లోనే వేరుచేసి చూపారు. డాక్టర్లు రాసే మాత్రల్లోని ముఖ్యమైన మందు కూడా అదే. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగులకు దూలగొండి గింజల పొడి ఇస్తే, మాత్ర కంటే త్వరగా పనిచేసింది. అయితే ఇది డోపమైన్ లోటును తీరుస్తుందే కాని, కణాలను కాపాడుతుందని రుజువు కాలేదు. గింజల్లో మందు పాళ్లు ఒకేలా ఉండవు. మాత్రలతో పాటు పొడి కూడా వాడితే మోతాదు మించి వాంతులు, కళ్లు తిరగడం, భ్రమలు రావచ్చు.

అందుచేత మేము కోరేది ఇదే. పసుపు, పల్లీలు, ఆకుకూరలు ఆహారంగా తినండి, మందుగా భావించకండి. పొడులు వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. మాత్రలు అకస్మాత్తుగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. మాంసం, పప్పుల్లోని ప్రోటీన్ ఈ మందును అడ్డుకుంటుంది కనుక, చాలామందికి భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మంచిది.

రంజాన్‌లో మాత్రల వేళలు మారతాయి కాబట్టి ముందుగానే డాక్టరును కలవండి. జబ్బు పడినవారికి ఉపవాసం విషయంలో ఖురాన్ (2:184) సడలింపు ఇచ్చింది. ఈ సంగతి పెద్దలకు గుర్తుచేసి, మాత్ర వేళకు అందించడం ఇంట్లో పిల్లల బాధ్యత.