బాడీ మనది, ఇంజన్ ఎవలిది? కుర్ట్ టాంక్ మారుత్ ముచ్చట

బషీరాబాద్, తాండూరు దిక్కు బండల లోడు మోసే ట్రాక్టర్లను చూసినోళ్లకు ఒకటి ఎరుకే. ట్రాలీ ఎంత గట్టిగున్నా, ఇంజన్‌ల దమ్ము లేకుంటే ఎత్తు ఎక్కేకాడ బండి ఆగిపోతది. మన దేశం తయారు చేసుకున్న మొదటి జెట్ ఫైటర్ కథ గూడ అసుంటిదే. దాని పేరు హెచ్‌ఎఫ్-24 మారుత్. గీసింది మాత్రం మనోడు కాదు, జర్మనీ ఇంజనీర్ కుర్ట్ టాంక్.

టాంక్ 1898ల బ్రామ్‌బెర్గ్‌ల పుట్టిండు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌ల ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంల గుర్రపు దళంల పనిచేసిండు. తర్వాత బెర్లిన్‌ల ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిండు. చదువుకుంటనే దోస్తులతోని కలిసి గ్లైడర్లు కట్టిండు. 1931ల ఫోకె-వుల్ఫ్ కంపెనీల చేరినంక ఆయన పేరు మోగింది. గీసుడే కాదు, తను చేసిన విమానాన్ని తానే నడిపి చూసేటోడు. ఆయన కాండోర్ విమానం 1938ల బెర్లిన్ నుంచి న్యూయార్క్‌కు యాడా ఆగకుంట దాదాపు 25 గంటల్ల పోయింది.

ఆ మరుసటేడు ఎగిరిన ఎఫ్‌డబ్ల్యూ 190 ఫైటర్‌తోని ఆయన ఆలోచన తెలుస్తది. అప్పటి ఫైటర్లు పందెం గుర్రాల లెక్క ఉండె. ఉరుకుతయి గని, చిన్న దెబ్బకే కూలవడ్తయి. టాంక్‌కు కావాల్సింది సిపాయి గుర్రం. బురదల దిగాలె, దెబ్బ తిన్నా ఇంటికి రావాలె. అందుకే చక్రాలను ఎడంగ పెట్టిండు, గాలితోని చల్లబడే ఇంజన్ బిగించిండు. 20 వేలకు పైనే తయారైనయి. అయితే అవి ఎక్కువ శాతం హిట్లర్ సైన్యం కోసమే. ఫోకె-వుల్ఫ్ ఫ్యాక్టరీలల్ల బయటి దేశాల నుంచి పట్టుకొచ్చినోళ్లతోని బలవంతంగ పని చేయించిన్రు. ఇది చెప్పకుంట ఆయన తెలివి ఒక్కటే చెప్తే సగం కథే అయితది.

జర్మనీ ఓడిపోయినంక వేరే పేరు మీద అర్జెంటీనా పోయి, ఆడ పుల్కీ-2 అనే జెట్ చేసిండు. 1955ల అధ్యక్షుడు పెరోన్ గద్దె దిగంగనే ఆడ పని ఒడిసింది. మన సర్కారు పిలిచింది. 1956ల వచ్చిండు. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీల గూడ పాఠాలు చెప్పిండు. అబ్దుల్ కలాం చదివింది ఆడనే. గా కలామే 1982ల హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరై వచ్చిండు.

బెంగళూరు హెచ్ఏఎల్‌ల అప్పటికి సొంతంగ ఫైటర్ గీసిన అనుభవం లేదు. టాంక్ ముందుగాల అసలు సైజుల కట్టె గ్లైడర్ చేయించి, 1959ల ఎగిరేసి చూసిండు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ మారుత్‌ను మొదటిసారి గాలికి లేపిండు. ఐదేండ్లల్ల ఇంత పని అయింది.

అయితే పంచాది ఇంజన్ కాడ వచ్చింది. శబ్దానికి రెండింతల వేగం అనుకోని బాడీ గీసిన్రు. బ్రిటన్ తయారు చేస్తున్న కొత్త ఆర్ఫియస్ ఇంజన్ దానికి బిగిద్దామని లెక్క. దాంట్ల ఆఫ్టర్‌బర్నర్ ఉంటది. అంటే ఇంజన్ వెనుక గొట్టంల మళ్ల ఇంధనం చల్లి మండిస్తరు, జోరు పెరుగుతది. బ్రిటన్ ఆ ఇంజన్ మాకక్కర లేదన్నది, కావాలంటే ఖర్చు మీరు పెట్టుకోండ్రి అన్నది. ఢిల్లీ పెట్టలే. చివరికి చిన్న నాట్ విమానంల వాడే రకం పాత ఆర్ఫియస్‌లే రెండు బిగించిన్రు. ఈజిప్ట్ ఇంజన్ గూడ పెట్టి చూసిన్రు, అదీ 1969ల ఆగింది. మారుత్ శబ్దవేగం అంచు దాకా పోయి ఆగిపోయింది. అప్పుడు పైసలు మిగిలినయి గని, తర్వాత కొన్న విదేశీ ఫైటర్ల బిల్లు ముందల అవెంత?

అట్లని పనికిరాని బండి కాదు. 1971 యుద్ధంల రాజస్థాన్ దిక్కు మారుత్‌లు బాగనే కొట్లాడినయి. కింది నుంచి కాల్చితె కొన్ని కూలినయి గని, గాలిల శత్రువు విమానం చేతుల ఒక్కటి గూడ ఓడలే. ఒక ఇంజన్ పాడైనా ఇంకోదానితోని ఇల్లు చేరినయి గూడ ఉన్నయి. గదే సిపాయి గుర్రం. మొత్తం 147 కట్టి ఆపేసిన్రు.

ఇంజన్ అంత కష్టమెందుకంటే, దాని లోపలి రెక్కలు లోహం కరిగేంత వేడిల తిరగాలె. సన్నటి రంధ్రాల నుంచి గాలి పంపి చల్లబరుస్తరు. అసుంటి లోహాలు మన కంచన్‌బాగ్ మిధానిల తయారైతయి. అయినా పూర్తి ఫైటర్ ఇంజన్ ఇంకా మన చేతికి రాలే. 1989ల షురువైన కావేరి ఇంజన్‌ను 2008ల తేజస్ నుంచి తప్పించిన్రు. 2021ల 83 తేజస్‌లకు ఆర్డర్ ఇస్తే, అమెరికా ఇంజన్లు టైముకు రాక విమానాలు లేటైనయి. 60 ఏండ్ల కింద టాంక్‌కు పడ్డ ముడి ఇంకా ఇప్పలే.

టాంక్ 1960ల చివర్ల జర్మనీ పోయిండు, 1983ల మ్యూనిక్‌ల సచ్చిపోయిండు. ఆ ఊరి పక్కన ష్లైస్‌హైమ్ విమానాల మ్యూజియంల ఒక మారుత్ ఉంది. ఇంకోటి బెంగళూరు హెచ్ఏఎల్ మ్యూజియంల ఉంది. అటు దిక్కు పోతే పిల్లలను తీస్కపోయి చూపెట్టుండ్రి.