గెలిపించిన ఓటుతోనే దించే హక్కు: ఛత్తీస్‌గఢ్ ‘రీకాల్’ చెప్పే పాఠం

రాయ్‌పూర్: 2008 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని నవాగఢ్, గుండర్‌దేహి, రాజ్‌పూర్ నగర పంచాయతీల అధ్యక్షులు పదవీకాలం ముగియకముందే పదవులు కోల్పోయారు. వారిని తొలగించింది ప్రభుత్వమూ కాదు, న్యాయస్థానమూ కాదు. గెలిపించిన పట్టణ ప్రజలే మళ్లీ ఓటు వేసి దించారు. 1974 ఉద్యమకాలంలో జయప్రకాశ్ నారాయణ్ కోరిన ‘రీకాల్’ హక్కు ఇదే. ఎమ్మెల్యేలు, ఎంపీల విషయంలో దేశంలో ఎక్కడా అది లేదు.

2000లో రాష్ట్రం ఏర్పడినప్పుడు మధ్యప్రదేశ్ నుంచి సంక్రమించిన 1961 మునిసిపాలిటీల చట్టంలో ఈ ఏర్పాటు ఉంది. అయితే ప్రక్రియను ప్రారంభించే అధికారం ఓటరుకు లేదు. ఎన్నికైన కౌన్సిలర్లలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది సంతకాలు చేసి కలెక్టరుకు ప్రతిపాదన ఇవ్వాలి. ఆయన పరిశీలన, ప్రభుత్వ నిర్ణయం ముగిశాకే రాష్ట్ర ఎన్నికల సంఘం పోలింగ్ నిర్వహిస్తుంది. అధ్యక్షుడు బాధ్యతలు స్వీకరించిన తొలి రెండేళ్లలో ఈ ప్రయత్నానికి తావులేదు. తీర్పు ప్రజలదే అయినా, ఆ తీర్పు కోరాలా వద్దా అన్నది కౌన్సిలర్ల చేతిలో ఉంది. దీంతో ప్రజల అసంతృప్తి కన్నా కౌన్సిల్‌లోని వర్గపోరే రీకాల్‌కు కారణమయ్యే అవకాశం ఎక్కువ.

అమెరికాలోని కాలిఫోర్నియా 1911లోనే ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చింది. అక్కడ సంతకాలు సేకరించేది పౌరులే. గవర్నరును వెనక్కి పిలవాలంటే గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతానికి సమానమైన సంతకాలు అవసరం. 2003లో గ్రే డేవిస్ ఇలాగే పదవి కోల్పోగా ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ గెలిచారు. 2021లో గవిన్ న్యూసమ్ మాత్రం నిలదొక్కుకున్నారు. అక్కడా చిక్కులు లేకపోలేదు. డబ్బున్నవారు కూలి ఇచ్చి సంతకాలు సేకరింపజేయగలరన్న విమర్శ పాతదే.

తెలుగు రాష్ట్రాల్లో ఓటరు పాత్ర ఇంకా తక్కువ. మేయర్లను ఎన్నుకొనేదీ, అవిశ్వాసంతో దించేదీ కౌన్సిలే. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నం మేయరు పదవి కోల్పోయింది ఈ విధంగానే. ఛత్తీస్‌గఢ్ కూడా 2019లో ప్రత్యక్ష ఎన్నికను రద్దు చేసి కొంతకాలం ఇదే బాట పట్టింది. ప్రజలు నేరుగా ఎన్నుకోని వ్యక్తిని ప్రజలే వెనక్కి పిలవడమనే మాటకు అర్థం లేదు. 2024 చివర్లో ప్రభుత్వం పాత పద్ధతిని పునరుద్ధరించగా, 2025 ఫిబ్రవరిలో రాయ్‌పూర్ ఓటర్లు తమ మేయరుగా మీనల్ చౌబేను నేరుగా ఎన్నుకున్నారు.