తెరమీది కార్ల పందెము

మీ మనుమలు టీవీ యెదుట కూర్చుండి, చేత మీటలపెట్టె పట్టుకొని, తెరమీద కార్లు తోలుచు కేకలు వేయుట మీరు చూచియే యుందురు. నేనును ఆ యాట ఆడువాడనే. ఏబదియేండ్లు దాటినవానికి ఇదేమి చాపల్యమని నవ్వినను నవ్వుడు.

ఇది మరీ క్రొత్త వినోదము కాదు. అమెరికాలో అటారీ కంపెనీవారు 1974లోనే 'గ్రాన్ ట్రాక్ 10' అను కారాటను, స్టీరింగు చక్రముతో సహా చేసి, నాణెము వేసి యాడునట్లు పెట్టిరి. 1992లో జపానువారి 'సూపర్ మారియో కార్ట్' వచ్చెను. అందులో ఇద్దరు మిత్రులు ఒక్క తెరనే రెండు పాళ్లు చేసికొని పందెమాడవచ్చును.

ఇందు విన్యాసములు కొన్ని గలవు. ఏటవాలు దిమ్మ నెక్కించి కారును గాలిలోనికి ఎగిరింతురు. ముందుచక్రములు దిమ్మను వదలునప్పటికి వెనుకచక్రములు ఇంకను దానిమీదనే యుండును. కావున కారు ముక్కు క్రిందికి వంగును. కొన్ని యాటలలో మీట నొక్కి దానిని గాలిలోనే సరిచేయవచ్చును. నిజమైన కారునకు అట్టి మీట లేదని మనుమలతో ఒకమారు చెప్పుడు.

నాకు మాత్రము రుచించునది ఒరసికొని పోవు పందెమే. ముందుకారు గాలిని చీల్చుకొనిపోగా దాని వెనుక నంటియున్న కారునకు ఎదురుగాలి తగ్గును, వేగము హెచ్చును. పెక్కు ఆటలలో ఈ ధర్మమును కల్పించియున్నారు. అందుచేత గెలువగోరువాడు మిత్రుని తోక విడువడు. మలుపులో ప్రక్కప్రక్కన పోవునపుడు మిత్రునకు ఒక కారు పట్టునంత చోటు విడుచుట మర్యాద.

ఈ మర్యాదయే మాకు తగవు తెచ్చెను. నా బాల్యమిత్రుడు డాలస్‌లో నున్నాడు, నేను హైదరాబాదులో. ఆదివారములందు ఇంటర్నెట్టుమీద పందెమాడుదుము. ఒకనాడు మలుపులో వాడు, "కావాలనే గుద్దావురా" అనెను. నా తెరమీద మా నడుమ గజము ఎడమున్నది! "అబద్ధమాడకు" అంటిని. మూడు వారములు మాటలు లేవు.

తుదకు కంప్యూటర్లు తెలిసిన యొక కుఱ్ఱవాడు సంగతి విప్పిచెప్పెను. మా నడుమ దూరము 14,000 కిలోమీటర్లకు పైమాట. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. తీగలు వంకరలు తిరిగి పోవును గావున వార్త చేరుటకు సెకనులో పదవవంతైనను పట్టును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున కారు అంతలో అయిదున్నర మీటర్లు, అనగా తన పొడవుకంటె ఎక్కువ, సాగిపోవును! నా తెరమీద వాని కారు ఎచ్చటనున్నదో యంత్రము ఊహించి చూపుచున్నది. వాడు హఠాత్తుగా బ్రేకు వేసినచో, ఆ వార్త వచ్చువరకు ఊహ తప్పే. కావున వాని తెరమీద నేను గుద్దినమాట నిజము. నా తెరమీద గుద్దకుండుటయు నిజమే.

'ట్రాక్‌మేనియా' అను ఫ్రెంచివారి యాటలో సాధారణముగా కార్లు నీడలవలె ఒకదానిలోనుండి మరొకటి దూరిపోవును. అచ్చట ఈ తగవే పుట్టదు. కాని అది మాకు ఉప్పులేని కూరవలె నుండెను.

వానికి ఫోను చేసి యంతయు చెప్పితిని. నాటినుండి మలుపునకు ముందే "కుడిపక్క నున్నాను" అని కేక వేసికొందుము. రెండు కార్ల చోటు విడుతుము. మొన్న సంక్రాంతికి వాడు వచ్చినపుడు ఒక్క టీవీ యెదుటనే కూర్చుండి ఆడితిమి. అచ్చట తీగ లేదు, ఆలస్యము లేదు. మూడవ మలుపులోనే నన్ను గోడకు గుద్దివైచెను.

"ఇది మాత్రం కావాలనే" అని నవ్వినాడు.