బ్యాంకింగు సహాయ పుట

బ్యాంకింగు సహాయ పుట అనగా డబ్బు పంపడం, ఖాతాలో నిల్వ చూసుకోవడం, చెక్కు పుస్తకం కోరడం, పోయిన కార్డును నిలిపివేయడం వంటి నిత్య వ్యవహారాలను ఖాతాదారుడు అంతర్జాలంలో స్వయంగా జరుపుకొనుటకు బ్యాంకు ఇచ్చే సూచనల పుట. దీనిని తీరికగా చదివేవారు అరుదు. పని మధ్యలో ఆగిపోయినవారే దీనిని తెరుస్తారు. పొరపాటు జరిగితే పోయేది డబ్బు కనుక, ఇందులో ప్రతి వాక్యమూ సందేహానికి తావులేకుండా ఉండాలి.

శీర్షిక, భాష

ఒక పుటలో ఒకే పనిని వివరించడం మంచిది. "నిధుల బదిలీ సేవలు" అనే శీర్షిక కంటే "వేరే బ్యాంకు ఖాతాకు డబ్బు పంపడం ఎలా?" అనే శీర్షిక సులభంగా అర్థమవుతుంది.

తెరపై ఏ పదం ఉన్నదో సూచనలోనూ అదే పదం వాడాలి. తెరపై "బెనిఫిషియరీ" అని ఉండగా సూచనలో "లబ్ధిదారు" అని వ్రాస్తే పాఠకుడు లేని మీట కొరకు వెదుకుతాడు. పైగా లబ్ధిదారు అనగానే తెలుగువారికి ప్రభుత్వ పథకం స్ఫురిస్తుంది. తెరపై పదాన్నే ఉంచి, మొదటిసారి వచ్చినచోట "అనగా డబ్బు అందుకొనే వ్యక్తి" అని వివరిస్తే సరిపోతుంది.

హెచ్చరికల స్థానం

హెచ్చరిక పనికి ముందే కనిపించాలి. ఎన్.ఇ.ఎఫ్.టి. పద్ధతిలో చాలాకాలం పాటు ఖాతా సంఖ్య ఆధారంగానే డబ్బు జమ అయ్యేది. పేరును సరిపోల్చేవారు కాదు. ఒక్క అంకె తప్పితే డబ్బు మరొకరికి చేరే ప్రమాదం ఉండేది. అందుకే 2025 ఏప్రిల్ 1 లోగా, డబ్బు పంపేముందు ఖాతాదారుని పేరు చూపే సౌకర్యం కల్పించాలని భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సూచనల వరుస ఇలా ఉండవచ్చు:

1. ఖాతా సంఖ్యను రెండుసార్లు నమోదు చేయండి.
2. 11 అక్షరాంకెల ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ వ్రాయండి. అందులో ఐదవది సున్న, "ఓ" అక్షరం కాదు.
3. తెరపై కనిపించే పేరు మీరు అనుకున్న వ్యక్తిదేనా చూడండి. కాకపోతే ఇక్కడే ఆపండి.
4. మొత్తం సరిచూసి, ఆ తరువాతనే నిర్ధారించండి.

అదేవిధంగా యు.పి.ఐ. పుటలో, డబ్బు అందుకొనుటకు పిన్ అవసరం లేదన్న మాట మొదటే ఉండాలి.

ఆపద సమాచారం

డబ్బు పోయిన కంగారులో అంతర్జాలంలో వెదికి, మోసగాళ్ళు పెట్టిన నకిలీ ఫోను నంబర్లకు చిక్కేవారున్నారు. కావున బ్యాంకు అసలు నంబరు, జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930 ప్రతి పుటలోనూ ఉండాలి. మోసాన్ని ఎన్ని రోజులలో తెలియజేశారన్న దానిని బట్టి ఖాతాదారుని బాధ్యతను 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు నిర్ణయించింది. అందువలన "వెంటనే తెలపండి" అనడంతోపాటు ఆలస్యం వలన కలిగే నష్టమూ చెప్పాలి.

పరీక్ష, నవీకరణ

పుటను ఎన్నడూ ఆ పని చేయని ఒకరికి ఇచ్చి, ఏమీ చెప్పక, ఎక్కడ ఆగుతున్నారో గమనించడం ఉత్తమమైన పరీక్ష.

పాతబడిన సూచన తప్పు సూచనతో సమానం. ఎన్.ఇ.ఎఫ్.టి. 2019 డిసెంబరు 16 నుండి, ఆర్.టి.జి.ఎస్. 2020 డిసెంబరు 14 నుండి రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోనూ విలీనమైన పిదప వాటి శాఖల ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లు మారాయి. కావున ప్రతి పుటపై చివరిసారి సరిచూసిన తేదీ ఉండటం అవసరం.