వెనకవైపు పాట నంబర్ వన్ అయిన లెక్క

1979 మార్చి 10. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే 'హాట్ 100' జాబితాలో గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్' మొదటి స్థానానికి చేరింది. వదిలేసి వెళ్లిన ప్రియుడు మళ్లీ వచ్చి నిలబడితే, అతన్ని గుమ్మం బయటికి పంపించేసే ఆడమనిషి పాట అది. విచిత్రం ఏమిటంటే, రికార్డు విడుదల చేసినప్పుడు కంపెనీ అమ్మాలనుకున్నది ఈ పాటను కాదు. అమ్మాలనుకున్న పాట వేరే ఉంది. ఇది దాని వెనకవైపు పెట్టిన పాట. మరి నంబర్ వన్ ఎలా అయింది? ఆ నంబర్ ఎవరు వేశారు? అది నిజంగా ఏం చెబుతుంది?

ఏ-సైడ్, బి-సైడ్

రికార్డు ప్లేయర్ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. నిమిషానికి 45 చుట్లు తిరిగే 7 అంగుళాల రికార్డును సింగిల్ అంటారు. ముందువైపు ఒక పాట, తిప్పి వేస్తే వెనకవైపు ఇంకో పాట. కంపెనీ ప్రచారమంతా ఏ-సైడ్‌కే. రేడియో స్టేషన్లకు వెళ్లి వేయమని అడిగేదీ దాన్నే. బి-సైడ్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ.

1978లో దక్షిణాఫ్రికా అమ్మాయిల బృందం క్లౌట్ పాడిన 'సబ్‌స్టిట్యూట్' యూరప్‌ను ఊపేసింది. బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. దాన్నే అమెరికాలో గేనర్ చేత పాడించి లాభపడాలని పాలిడార్ కంపెనీ అనుకుంది. నిర్మాణ బాధ్యత ఫ్రెడీ పెరెన్‌కు అప్పగించింది. జాక్సన్ 5 బృందం తొలి నంబర్ వన్ పాటల రచయితల్లో ఒకడాయన. సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: బి-సైడ్ పాట తమదే ఉండాలి. 'తమది' అంటే తానూ, సహరచయిత డీనో ఫెకారిస్ కలిసి రాసింది. మోటౌన్ కంపెనీ ఉద్యోగంలోంచి తీసేయగా ఫెకారిస్ మళ్లీ నిలదొక్కుకుంటున్న రోజులవి.

గేనర్ పరిస్థితీ అంతే. 1974లో విడుదలైన 'నెవర్ కెన్ సే గుడ్‌బై'తో హాట్ 100లో 9వ స్థానం చూసింది. ఆ ఏడాదే బిల్‌బోర్డ్ మొదలుపెట్టిన డిస్కో జాబితాలోనూ ఆ పాటే ముందు నిలిచింది. తర్వాత నాలుగేళ్లు టాప్ 40 మొహం చూడలేదు. 1978లో స్టేజీ మీద పడిపోయి వెన్నెముకకు ఆపరేషన్ చేయించుకుంది. నడుముకు పట్టీతోనే స్టూడియోలో నిలబడి ఈ పాట పాడింది. పాటలోని మొండితనం ఆమెకు అరువు తెచ్చుకోవాల్సిన పని లేకపోయింది.

8 కార్డ్స్, 117 బీట్స్

పాట నిర్మాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, అంత పొదుపు. ఎనిమిది కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఒక వరసలో వస్తాయి. ఎనిమిదోది అయిపోగానే మళ్లీ మొదటిదానికి. చరణానికీ పల్లవికీ అదే వరస. మామూలుగా పల్లవి వచ్చేసరికి వరస మారి పాట పైకి లేస్తుంది. ఇక్కడ వరస మారదు, గొంతే పైకి లేవాలి.

తాళం వేగం నిమిషానికి సుమారు 117 బీట్స్. ఒక్కో కార్డ్‌కు నాలుగేసి చొప్పున ఎనిమిదింటికి 32 బీట్స్, అంటే 16 సెకన్ల పైచిలుకు. మూడుంపావు నిమిషాల సింగిల్‌లో ఆ చక్రం ఇంచుమించు పన్నెండుసార్లు తిరుగుతుంది. అయినా విసుగు రాదు. మొదట పియానో మెట్ల మీద ఒక జారుడు, ఆ వెంటనే తాళం లేకుండా ఒంటరి గొంతు. కాసేపటికి డ్రమ్స్ అందుకుంటాయి. ఆ తర్వాత చుట్లు తిరిగేకొద్దీ వాయిద్యాలు చేరుతూ పోతాయి. డిస్కోలో మామూలుగా వినిపించే కోరస్ ఆడగొంతులు ఇందులో లేవు. ఆమె గొంతునే రెండుసార్లు రికార్డు చేసి కలపడం కూడా లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మనిషి.

3 నిమిషాలు, 8 నిమిషాలు

కంపెనీ నిర్ణయాన్ని తిరగేసింది డాన్స్ క్లబ్బులు. న్యూయార్క్‌లోని స్టూడియో 54లో డీజే రిచీ కాజర్ వెనకవైపు పాటను వేయడం మొదలుపెట్టాడు. జనం ఫ్లోర్ వదల్లేదు. ఊరూరా డీజేలు అదే బాట పట్టారు. క్లబ్బుల్లో విన్నవాళ్లు మర్నాడు రేడియోకు ఫోన్ చేసి అడిగారు, షాపుకు వెళ్లి అడిగారు. కంపెనీ చివరికి దీన్నే ఏ-సైడ్ చేసి మళ్లీ విడుదల చేయక తప్పలేదు. 'సబ్‌స్టిట్యూట్' హాట్ 100లో అడుగే పెట్టలేకపోయింది.

క్లబ్బుల బలం వెనక ఒక సాంకేతిక కారణం ఉంది. 7 అంగుళాల రికార్డులో పాట పొడవు పెరిగితే గాళ్లు ఇరుకవుతాయి, శబ్దం పలచబడుతుంది. 1970ల నడుమ వచ్చిన 12 అంగుళాల సింగిల్‌లో గాళ్లకు చోటెక్కువ కాబట్టి బేస్ గట్టిగా, లోతుగా పలుకుతుంది. అలాంటి రికార్డును తొలిసారి అంగళ్లలో అమ్మకానికి పెట్టింది 1976లో, సాల్‌సోల్ కంపెనీ. 'ఐ విల్ సర్వైవ్' రేడియోకు మూడుంపావు నిమిషాలు, ఆల్బమ్‌లో దాదాపు ఐదు, 12 అంగుళాల రికార్డులో దాదాపు ఎనిమిది. ఒకే పాట మూడు కొలతల్లో మూడు చోట్లకు చేరింది.

2 + 1 = 3 వారాలు

హాట్ 100లో ఈ పాట మొదటి స్థానంలో ఉన్నది మొత్తం మూడు వారాలు, అదీ వరసగా కాదు. మార్చిలో రెండు వారాలున్నాక బీ జీస్ బృందం పాట 'ట్రాజెడీ' వచ్చి దించేసింది. అదీ రెండు వారాలే. ఏప్రిల్ 7న గేనర్ మళ్లీ పైకి వచ్చి ఒక వారం నిలిచింది. బ్రిటన్‌లో వరస తిరగబడింది. అక్కడ ముందు 'ట్రాజెడీ' రెండు వారాలు, దాని వెనకే మార్చి 17 నుంచి 'ఐ విల్ సర్వైవ్' నాలుగు వారాలు.

ఈ అంకెలు ఎలా పుట్టేవో తెలిస్తేనే వాటి విలువ తెలుస్తుంది. అప్పట్లో బిల్‌బోర్డ్ అమెరికా షాపుల నుంచి ఎక్కువ అమ్ముడవుతున్న పాటల వరసను తెప్పించుకునేది. ఎన్ని కాపీలు పోయాయన్న లెక్క కాదు, ఏది ముందు ఏది వెనక అన్న మాట. దానికి రేడియో స్టేషన్లు పంపే పాటల జాబితాలు కలిపేది. షాపువాడి అంచనా మీదే సగం భారం. బార్‌కోడ్ స్కాన్ చేసి అమ్మకాలను నేరుగా లెక్కించే పద్ధతి హాట్ 100లోకి వచ్చింది 1991 నవంబర్ చివర్లోనే. బ్రిటన్‌లో ఎంపిక చేసిన కొన్ని వందల షాపులు తాము అమ్మిన రికార్డులను డైరీలో రాసి పోస్టులో పంపేవి. అక్కడ రేడియోకు లెక్కలో చోటు లేదు. ఒకే నెలలో ఒకే పాటకు రెండు దేశాల్లో రెండు కథలు రావడానికి ఈ తేడా కూడా ఒక కారణం కావచ్చు.

20 లక్షలు

అమెరికాలో ఈ సింగిల్‌కు ప్లాటినం గుర్తింపు వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం సింగిల్ ప్లాటినం అంటే 20 లక్షల కాపీలు. 1989లో ఆ గీతను 10 లక్షలకు దించారు. కాబట్టి 1979 ప్లాటినాన్నీ 1990ల ప్లాటినాన్నీ పక్కపక్కన పెట్టి సమానమంటే లెక్క తప్పుతుంది.

ఒకే ఒక్క గ్రామీ

ఇంతలో డిస్కో మీద వ్యతిరేకత పెరిగింది. 1979 జులై 12న షికాగోలోని కమిస్కీ పార్క్‌లో ఒకే రోజు జరిగే రెండు బేస్‌బాల్ ఆటలకు ఒక ఆఫర్ పెట్టారు. డిస్కో రికార్డు ఒకటి తెస్తే టికెట్ 98 సెంట్లే. దాదాపు 50 వేల మంది వచ్చారు. తెచ్చిన రికార్డులను మైదానం మధ్యలో పేల్చారు. జనం లోపలికి చొరబడటంతో రెండో ఆట రద్దయింది. ఆగస్టు చివర ద నాక్ బృందం రాక్ పాట 'మై షరోనా' పైకెక్కి ఆరు వారాలు కదల్లేదు. ఆ ఏడాది మొత్తం జాబితాలోనూ అదే మొదటిది. 'ఐ విల్ సర్వైవ్' ఆరోది.

1980 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డుల్లో తొలిసారి ఉత్తమ డిస్కో రికార్డింగ్ బహుమతి పెట్టారు. మైఖేల్ జాక్సన్, డోనా సమ్మర్, రాడ్ స్టీవర్ట్, ఎర్త్ విండ్ అండ్ ఫైర్‌లను దాటి గేనర్ గెలిచింది. మరుసటి ఏడాది ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ బహుమతి అందుకున్న పాట ప్రపంచంలో ఇదొక్కటే.

అంకెలు చెప్పనిది

మూడు వారాలు, ఆరో స్థానం, రద్దయిపోయిన బహుమతి. కాగితం మీద ఇది ఆ సీజన్ హిట్లలో ఒకటి, అంతే. కానీ 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను ఫ్రాన్స్ గెలిచినప్పుడు ఆ దేశం పాడుకున్నది హెర్మెస్ హౌస్ బ్యాండ్ చేసిన ఇదే పాట. ఏటా 25 రికార్డింగులను మాత్రమే ఎంచి భద్రపరిచే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ జాబితాలో 2016లో దీనికి చోటు దొరికింది.

చార్టు బండిలోని స్పీడోమీటర్ లాంటిది. ఈ వారం ఎంత జోరుగా పోతోందో చెబుతుంది, మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పదు. ఇవాళ అమ్మకాలు, రేడియోతో పాటు స్ట్రీమింగ్ కూడా కలిపి హాట్ 100 వేస్తున్నారు. లెక్క కచ్చితమైంది గానీ కొలిచేది అదే వేగాన్ని. పైగా చార్టు కొలిచేది జనం చెవిన పడ్డ పాటనే. ఏ వైపు పాట చెవిన పడాలన్నది 1978లో కంపెనీ ఒకలా తేల్చింది, క్లబ్బు డీజేలు మరోలా తేల్చారు. మార్చి 10 నాటి నంబర్ వన్‌లో గేనర్ గొంతుతో పాటు ఆ రికార్డును తిప్పి వేసిన చేతుల వాటా కూడా ఉంది.