తిరిగి జీనెక్కిన వేళ

భారతంలోని నలోపాఖ్యానం చదివినవారికి బాహుకుని కథ గుర్తుండే ఉంటుంది. కర్కోటకుని కాటుతో నలుని రూపం మారిపోయింది. రాజ్యం అంతకు ముందే పోయింది. కాని అశ్వహృదయమనే విద్య మాత్రం ఆయనను విడిచిపోలేదు. ఋతుపర్ణుని రథం తోలుతూ ఒక్క దినంలోనే విదర్భ చేరగలిగాడు. తరగతిలో ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు లోలోపల చిన్న గర్వం కలిగేది. కళాశాలలో చదివే రోజులలో ఎన్.సి.సి. అశ్వవిభాగంలో చేరి, రెండేళ్ళు గుర్రపుస్వారి నేర్చినవాణ్ణి నేను. నేర్చిన విద్య ఎక్కడికి పోతుందిలే అన్న ధీమాతోనే, ఇరవైయారేళ్ళ తరువాత, నలభైయేడవ యేట, హైదరాబాదు శివారున ఉన్న ఒక స్వారిశాల గుమ్మం తొక్కాను.

తీరా చూస్తే నా కథ నలుని కథకు తలక్రిందులైంది. రూపమూ మారింది, విద్యా జారింది.

ఒకనాడు రికాబులో కాలు పెట్టి ఒక్క ఊపున జీనెక్కినవాణ్ణి, ఇపుడు పీట వేయించుకొని ఎక్కవలసి వచ్చింది. నేర్పే అమ్మాయి నా పూర్వవిద్యార్థుల యీడుది. “సార్, మడమలు క్రిందికి దించండి. నడుము బిగబట్టకండి. చూపు ముందుకు!” అంటూ ఆమె ఆజ్ఞలిస్తుంటే, ఇరవైరెండేళ్ళుగా ఆజ్ఞలివ్వటమే ఎరిగిన నా నోరు “అలాగేనమ్మా” అనటం నేర్చుకొన్నది.

బాల్యంలో అమరం వల్లించినవారికి అశ్వగతులు ఐదని తెలుసు. పేర్లు వల్లించటం వేరు, ఆ గతులమీద కూర్చోవటం వేరు. మామూలు నడకలో గుర్రం కాళ్ళు నాలుగూ ఒకదాని తరువాత ఒకటిగా నేలను తాకుతాయి. అది నాలుగు దెబ్బల తాళం. కాస్త వేగం హెచ్చితే ఎదురు మూలల కాళ్ళు జంటలుగా పడతాయి. అది రెండు దెబ్బల తాళం. ఒక దెబ్బకు రౌతు జీనుమీదనుంచి కొంచెం లేవాలి, మరుదెబ్బకు కూర్చోవాలి. వినటానికి ఇంతే! నేను లేవబోయే వేళకు జీను దిగిపోయేది. కూర్చోబోయే వేళకు ఎదురు వచ్చి తాకేది. పదేళ్ళ పిల్ల ఒకతె నా ప్రక్కనుంచే కూనిరాగం తీస్తూ సాగిపోయేది. ఆదివారంనాటి ఆ విద్యకు సోమ, మంగళవారాలు సాక్ష్యం చెప్పేవి. బడి మెట్లు దిగుతున్నపుడు గోడ పట్టుకోవటం చూసి పిల్లలు నవ్వుకొనేవారు.

ఆరవ వారం పడ్డాను. గాలికి ఎగిరివచ్చిన కాగితమొకటి చూసి గుర్రం ప్రక్కకు బెదిరింది. నేను ఇసుకలో ఉన్నాను. దెబ్బ తగలలేదు. భయం మాత్రం తగిలింది. ఇరవైయేళ్ళవాడు పడితే దులుపుకొని లేస్తాడు. నలభైయేడేళ్ళవాడు పడితే ఇల్లూ, సంసారమూ, ఎముకలూ ఒక్కసారిగా గుర్తుకు వస్తాయి.

తిరిగి ఎక్కాను గాని గుర్రం నిలకడగా నడవలేదు. విసుక్కొన్నాను. అపుడా అమ్మాయి మెల్లగా అన్నది: “సార్, మీ చేతులు పగ్గాలు లాగి ఆగమంటున్నాయి. మీ పిక్కలు డొక్కలు నొక్కి పొమ్మంటున్నాయి. పాపం, అది ఏ మాట వినాలి?”

ఆ రాత్రి నాకు హాన్సు గుర్తుకు వచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో బెర్లిను నగరంలో హాన్సు అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు మ్రోగింది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ ఒకప్పటి లెక్కల ఉపాధ్యాయుడు. ప్రశ్న అడిగితే అది సరియైన సంఖ్య వచ్చేదాకా డెక్కతో నేలను తట్టి ఆగేది. 1904లో పరిశీలించిన సంఘానికి అందులో మోసమేమీ కనిపించలేదు. తరువాత ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు సంగతి కనిపెట్టి 1907లో వెల్లడించాడు. గుర్రానికి లెక్కలు రావు. సరియైన సంఖ్య వచ్చిన క్షణంలో అడిగినవారి తల, ఒళ్ళు వారికే తెలియకుండా రవంత కదిలేవి. హాన్సు ఆ కదలికను చదివేది. జవాబు తెలియనివారు అడిగితే అది తడబడేది.

గుర్రం మన మాటను కాదు, మన ఒంటిని వింటుందన్నమాట. మరి మన తరగతిలో కూర్చున్న పిల్లవాడో? “భయపడకుండా చదవరా” అని నోటితో అంటూ, కనుబొమలు ముడిచి, పెదవి బిగించి నిలబడిన రోజులు నాకెన్ని లేవు! నా నోరు పొమ్మన్నది, నా ముఖం ఆగమన్నది. పాపం, వాడు ఏ మాట వినాలి? “ఇంత సులువైనది రాదా?” అని నేనడిగినదంతా, ఆనాటికి నాకు సులువైపోయిన సంగతులనే. చేతగానితనం ఎలా ఉంటుందో నేను మరచి చాలాకాలమైంది. దానిని గుర్తుచేయటానికి ఒక గుర్రం కావలసి వచ్చింది.

కష్టాలే చెప్పి ఊరుకొంటే అన్యాయమవుతుంది. తెల్లవారుజామున లాయంలో పచ్చిగడ్డి వాసన, నూనె పూసిన తోలు వాసన కలిసి నా ఇరవయ్యేటిని తిరిగి తెచ్చి ఇస్తాయి. అరచేయి చాచి కారెట్టు ముక్క పెడితే, వెచ్చని ఊపిరి చేతిని తాకుతుంది. పదకొండవ వారం ఒకనాడు, లెక్క పెట్టటం మరచిన క్షణంలో, రెండు దెబ్బల తాళం నా నడుముకు దొరికింది. లేవటం నాది, లేపటం దానిది. పది బారలు మాత్రమే అలా సాగింది. ఆ తరువాత, “వచ్చేసింది!” అనుకొన్నాను. వెంటనే పోయింది.

మరునాడు తరగతిలో ఒక అబ్బాయి పద్యం చదువుతూ గణం దగ్గర తడబడి ఆగిపోయాడు. నా భుజాలు బిగుసుకోవటం నాకే తెలిసింది. వదులు చేసి, కిటికీ వైపు నడిచి, వాడికి కొంత వ్యవధి ఇచ్చాను. వాడు తప్పు దిద్దుకొని, మొదటినుంచి చదివాడు.