మిరపచేల మీద సముద్ర యాత్రికులు

ఆశ్వయుజం వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి తడిసి నిగనిగలాడుతుంటుంది. లేత పసుపుగా విచ్చి మర్నాటికి గులాబీ రంగుకు తిరిగే పత్తిపూలు, మిరప మొక్కల ముదురాకుపచ్చలో తలవంచుకున్న తెల్లపూలు! వాన వెలిసి, పడమటి ఎండ చేల మీద ఏటవాలుగా పరుచుకున్న వేళ తూనీగల దండు దిగుతుంది. బంగారు ఒళ్లు, గాజురెక్కలు, పైన పచ్చగా మెరిసే ఆకాశం. రెక్క ఆడించినట్టే ఉండదు. గాలి మీద తేలుతూ, జారుతూ, అంతలోనే మలుపు తిరుగుతూ సందె చీకటి దాకా అదే ఆట. ‘తూనీగలాడితే తూమెడు వర్షం’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సాగర్ కాలువ గట్టున, జమ్ము పక్కన కదలక మెదలక కూర్చోండి. ఎర్రతూనీగ ఎదురుగా వచ్చి వాలుతుంది. పండుమిరపకాయకు రెక్కలు మొలిచినట్టు తల నుంచి తోక కొస దాకా ఒకటే ఎరుపు! సన్నని నరాల అల్లికతో తళతళలాడే నాలుగు రెక్కలు, వాటి మొదళ్లలో తేనెరంగు మరక. తలంతా కళ్లే, ఒక్కో కంటిలో వేలాది చిట్టి కటకాలు. చేయి కదిపితే చటుక్కున ఎగిరి, ఓ చుట్టు చుట్టి, మళ్లీ ఆ పుల్ల మీదికే వస్తుంది. నడినెత్తిన ఎండ మండితే తోకను నిట్టనిలువునా సూర్యుడి వైపు ఎత్తి, ఒంటికి తగిలే వేడిని తగ్గించుకుంటుంది.

ఆ బంగారు దండుది మరో వింత. ఏటా అక్టోబరులో మాల్దీవుల్లో దిగే లక్షలాది తూనీగలు భారతదేశం నుంచి గాలివాటున సముద్రం దాటి వస్తున్నాయనీ, అక్కణ్నుంచి తూర్పు ఆఫ్రికాకు సాగిపోతున్నాయనీ సముద్ర జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. మన పత్తిచేల మీద ఆడేవీ ఆ జాతివే. వేలెడు కూడా లేని ప్రాణికి ఎంత సాహసం!

ఇంతటి యాత్రికురాలి పుట్టిల్లు మాత్రం వాననీటి కుంటే. నీటి అడుగున దోమపిల్లల్ని తిని పెరిగి, ఒకనాడు గడ్డిపరక పట్టుకుని పైకి పాకి, వీపు పగిలి, ముడతలు పడ్డ మెత్తని రెక్కలతో బయటపడుతుంది. అందుకే రైతన్నలకు ఒక్క మనవి: మందు కొట్టిన స్ప్రేయర్లను కుంటల్లో కడగకండి.